రోజుకు మూడుసార్లు గంట మోగే ఊరు

ఆ ఊరికి నేనెప్పుడూ వెళ్లలేదు. వెళ్లకపోయినా దాని గురించి నంద్యాల మొత్తంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఉత్తర జర్మనీలో ఒక మారుమూల పంచాయతీ అది. పెద్ద ఊరు ఒకటి, దాని చుట్టూ మూడు మజరాలు. అన్నీ కలిపినా మన మండల కేంద్రంలో ఒక వీధికి సరిపోవు. నేలంతా చదును. గోధుమ, చక్కెర దుంప, వేసవి మొదట్లో పసుపుపచ్చగా పూసే ఒక నూనెగింజల పైరు. సర్పంచికి జీతం లేదు. పగలు తన ఉద్యోగం తాను చేసుకుని, సాయంత్రాలు ఊరి పనులు చూస్తాడు. ఎక్కడైనా నిప్పంటుకుంటే ఆర్పడానికి ఊరివాళ్లే ఒక దళంగా ఏర్పడి, పని నేర్చుకుని సిద్ధంగా ఉంటారు. ఊరి నడిమధ్య రాతితో కట్టిన పాత చర్చి ఉంది. దాని గంట రోజుకు మూడుసార్లు మోగుతుంది.

ఇదంతా ఆ పంచాయతీ వాళ్లు తమ గురించి తాము వెబ్‌సైట్‌లో రాసి పెట్టుకున్న పరిచయంలో ఉంది. అచ్చు తీస్తే మూడు పేజీలు. దాచిపెట్టింది ఏమీ లేదు, గొప్పలు కూడా లేవు. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు. ఆ మూడు పేజీల్లో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యాన్ని ఒక తండ్రికి చెప్పకుండా దాటేశాను. ఆ సంగతి రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. తప్పు ఊరిది కాదు.

నంద్యాలలో మాకు విత్తనాల అంగడి ఉంది. కింద మా ఆయన పత్తి, మిరప, శనగ విత్తనాలు అమ్ముతాడు. మేడ మీద నేను జర్మన్ చెబుతాను. పెళ్లికి ముందు హైదరాబాదులో ఆ భాష చదివాను. ఏదో ప్రేమ కొద్దీ కాదు, ఫ్రెంచిలో సీట్లు నిండిపోయాయి కాబట్టి. పెళ్లయ్యాక పదిహేనేళ్లు అది నా నోట్లోనే తుప్పు పట్టింది. "నంద్యాలలో జర్మన్ ఎవురితో మాట్లాడతావ్, ఎనుములతోనా?" అని మా ఆయన ఎగతాళి చేయని పండగ లేదు. నర్సింగ్ చదివిన పిల్లలను అక్కడికి పిలుస్తున్నారని ఈ మధ్య తెలిశాక నాకు ప్రాణం లేచి వచ్చింది. పాత పుస్తకాల దుమ్ము దులిపాను. మేడ మీద విత్తనాల బస్తాలు ఒక పక్కకు నెట్టించి బెంచీలు వేశాను.

మొదటి ఏడాది గడిచింది. ఒక్క పిల్ల కూడా విమానం ఎక్కలేదు. ఇద్దరు మానేశారు. ఒకరిద్దరు తండ్రులు మెట్ల దగ్గర నిలబడి, "ఇంకా ఎన్ని దినాలు మేడం?" అని అడగడం మొదలుపెట్టారు. మా ఆయన ఏమీ అనలేదు కానీ, పక్కకు నెట్టిన బస్తాలు మెల్లగా మళ్లీ బెంచీల మధ్యకు వస్తున్నాయి. ఒక్క పిల్ల వెళ్తే చాలు, తర్వాత అంతా దానంతట అదే నడుస్తుంది అనిపించేది. ఆ ఒక్క పిల్ల కోసం నేను ఎంత ఆత్రపడ్డానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆ పిల్ల దొర్నిపాడు పక్క పల్లె నుంచి వచ్చేది. ఆళ్లగడ్డలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, వారానికి మూడు రోజులు బస్సెక్కి నంద్యాల వచ్చి చదువుకునేది. తెలుగులో అడిగితే అవును, కాదు అనేది. జర్మన్‌లో అడిగితే నాలుగు వాక్యాలు చెప్పేది. నాకు దొరికిన విద్యార్థుల్లో భాషను అంత బాగా పట్టే చెవి ఉన్నవాళ్లు ఇంకొకరు లేరు. ఆ పిల్లకు రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి ఒక పెద్ద నగరంలో ఆసుపత్రి. అక్కడ మన తెలుగు నర్సులున్నారు, ఆదివారం తెలుగులో ఆరాధన కూడా జరుగుతుందని విన్నాను. కాకపోతే ఇంకో పరీక్ష పాసవ్వాలి, ఆరేడు నెలలు ఆగాలి. రెండోది ఈ చిన్న ఊళ్లోని వృద్ధాశ్రమం. రాసిన పరీక్ష చాలు, వెంటనే రమ్మన్నారు.

నాకు ఆగే ఓపిక లేదు. ఆ పిల్లకు కాదు, నాకు.

మా వైపు పిల్లను ఇచ్చే ముందు ఆ ఊరు చూసి వస్తారు. నేరుగా పెళ్లికొడుకు ఇంటికి వెళ్లరు. ఊరి మొదట్లో పిండిమర దగ్గరో, టీ అంగడి దగ్గరో కూర్చుని, వేరే పని మీద వచ్చినట్టు నటిస్తూ అన్నీ కూపీ లాగుతారు. నీళ్లెట్లా ఉంటాయి, ఊళ్లో కొట్లాటలున్నాయా, మనవాళ్ల ఇళ్లు ఎన్ని. తాము వెళ్లలేకపోతే నమ్మకమైన మనిషిని పంపుతారు. ఆ మనిషి మాట మీద పిల్లనిస్తారు. రేపు ఆ పిల్ల కన్నీళ్లతో తిరిగొస్తే మొదట తొక్కేది ఆ మనిషి గడపే. చూసి చెప్పినవాడికి ఆ పిల్ల బతికినంత కాలం పూచీ ఉంటుంది.

ఆ పిల్ల తండ్రి కూడా అందుకే వచ్చాడు. కౌలుకు నాలుగెకరాలు చేసుకునే మనిషి, వాళ్ల చర్చిలో సంఘ పెద్ద. ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో పచ్చి శనక్కాయల సంచి. మేడ మీద బెంచీ చివర కూర్చున్నాడు.

"నేను పొయ్యి చూసొచ్చే ఊరు కాదు గదమ్మా అది. మీరు చదువుకున్నోళ్లు. మీరు చూసి చెప్పండి. మీ మాట మీద పంపిస్తా."

కంప్యూటర్ తెరిచి ఆ మూడు పేజీలు ఆయన ముందు పెట్టాను.

"నీళ్లు ఎట్లుంటాయి?"

"కొళాయి తిప్పి తాగొచ్చన్నా."

"పంట ఏందీ?"

"గోధుమ, దుంపలు."

"బియ్యం దొరుకుతాదా?"

"పక్క టౌన్‌లో దొరుకుతాది."

"బస్సు?"

"ఉందన్నా." ఉంది. బడి పిల్లల కోసం తిరిగేది, సెలవుల్లో రాదు. అది కూడా ఆ పేజీల్లో ఉంది. కానీ ఆయన బస్సు ఉందా అని మాత్రమే అడిగాడు.

అడగాల్సింది అప్పుడు అడిగాడు. వాళ్లు చర్చిని గుడి అనే అంటారు.

"ఏదున్నా లేకున్నా ఆదివారం గుడి ఉండాలమ్మా. ఈ పిల్ల తల్లి పోయినప్పుడు నెల దినాలు నోరు తెరవలా. నాతో గూడా మాట్లాడలా. ఇంగ ఈ పిల్ల నాకు దక్కదనుకున్నా. ఒక ఆదివారం గుడిలో పాట ఎత్తుకున్న్యాకనే మళ్లా మాట వచ్చింది. ఆరాధన లేని ఊర్లో నా బిడ్డ బతకలేదు. మళ్లా అట్లనే అయిపోతాది. అదొక్కటి చూసి చెప్పండి. కడమవన్నీ ఎట్లున్నా సర్దుకుంటాది."

చర్చి ఫోటో పెద్దది చేసి చూపించాను. "నడి ఊర్లోనే ఉందన్నా. పని చేసే చోటికి నాలుగడుగులు. ఎప్పటిదో పాతది. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాన్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి గంట మోగుతాది."

దాని కింది వరుసలోనే ఉంది ఆ వాక్యం: ఆరాధన నెలకొక ఆదివారం జరుగును. చదివాను. అర్థమైంది. నా వేలు ఆ పేజీని పైకి జరిపేసింది.

"దినామూ మూడు మార్లా!" ఆయన ముఖం వెలిగిపోయింది. "మా ఊర్లో ఆదివారానికి ఒకసారి కొట్టేదే గొప్ప. అయితే బో భక్తి గల ఊరమ్మా అది."

ఆ గంట కరెంటుతో మోగుతుందని, దాన్ని లాగే మనిషి కూడా ఉండడని నేను చెప్పలేదు. కాదు అని కూడా అనలేదు. శనక్కాయల సంచి నా బల్ల మీద పెట్టి, రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు కదా, నేను ఒక్కటి కూడా ఆడలేదు, చెప్పినవన్నీ నిజాలే అని ఆ పూటంతా నాకు నేను చెప్పుకున్నాను. ఆ శనక్కాయలు ఉడకబెట్టుకుని తిన్నాం కూడా.

పిల్లకు జర్మన్ వచ్చు కదా, తనే చదువుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చదవలేదు. నేను చూశానని తెలిశాక మళ్లీ తాను చూడటం నన్ను శంకించినట్టు అవుతుందనుకుంది. మా వైపు పిల్లలు అంతే. పెద్దవాళ్లు విచారించిన ఊరిని తాము మళ్లీ విచారించరు. ఆ అలవాటు మీద నాకు ఎంత ధీమా ఉండిందో ఒప్పుకోవాలి.

పిల్ల వెళ్లింది. అంగడి ముందు ఫ్లెక్సీ కట్టించాను. అందులో ఆ పిల్ల ఫోటో చిన్నది, నాది పెద్దది. నెల తిరగకముందే బెంచీలు నిండాయి. మా ఆయన బస్తాలన్నీ తానే దగ్గరుండి గోడౌన్‌కు పంపించాడు. ఆళ్లగడ్డలో కూడా చెప్పమని అడిగితే, అక్కడ ఆదివారం మధ్యాహ్నాలు ఒక గది తీసుకున్నాను. ఇన్నాళ్లకు నా చదువుకు ఒక అర్థం వచ్చిందని మురిసిపోయాను.

వెళ్లిన మూడో వారమేమో, ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. పని బాగుందంది. ముసలివాళ్లు మంచివాళ్లంది. ఆ తర్వాత, "మేడం, ఈడ ఆరాధన నెలకొకసారేనంట," అంది.

"ఔనా?" అన్నాను.

అప్పటిదాకా దాటవేతలే. నికార్సైన అబద్ధం అదే మొదటిది. రెండక్షరాల్లో ఆడాను.

వచ్చిన మొదటి ఆదివారం పొద్దున్నే గంట వినబడగానే బైబిలు, పాటల పుస్తకం పట్టుకుని వెళ్లిందట. తలుపు మూసి ఉందట. తర్వాత ఎవరో ముసలామె చెప్పిందట, నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక్కరే పాస్టరని, ఈ ఊరి వంతు నెలకొకసారని. ఆ ఒక్క ఆదివారం కూడా తనకు డ్యూటీ వేశారట. మిగతా ఊళ్లకు వెళ్దామంటే ఆదివారం బస్సు లేదు. ఇదంతా ఫిర్యాదులా చెప్పలేదు. ఆసుపత్రిలో రోగి సంగతి డాక్టరుకు చెప్పినట్టు వరసగా చెప్పింది.

"నాయనకు మాత్రం చెప్పొద్దు మేడం. మీరు చూసి చెప్పినారని ఊరంతా చెప్పుకున్న్యాడు. మీ మాట పోతాది."

నా మాట పోతుందని ఆ పిల్ల బెంగ. తేలు కుట్టిన దొంగలాగా సరేనన్నాను. "ఆ రెండో పరీక్ష రాసెయ్, ఏడాది తర్వాత సిటీకి మారొచ్చు," అని ఒక సలహా కూడా పారేశాను. అప్పుడే చెప్పి ఉండవచ్చు, నాకు తెలుసమ్మా, తెలిసే దాచాను అని. చెప్పలేదు. ఆ సమయానికి కింద కొత్త బ్యాచ్ పిల్లలు మెట్లెక్కుతున్నారు.

తర్వాత తర్వాత ఆ పిల్ల మెసేజీలు చిన్నవైపోయాయి. మొదట్లో జర్మన్‌లో నాలుగు వాక్యాలు పెట్టేది. తర్వాత రెండు. ఆ తర్వాత నేను జర్మన్‌లో ఏమడిగినా తెలుగులో "బాగుండా మేడం" అని ఒక్క ముక్క. తండ్రి చెప్పిన నెల దినాల సంగతి నాకు గుర్తు రాకపోలేదు. వచ్చింది. గుర్తొచ్చిన ప్రతిసారీ, చలిదేశం కదా, పని ఎక్కువ కదా, అందరూ మొదట్లో ఇంతే కదా అని సర్ది చెప్పుకుని పాఠానికి వెళ్లిపోయేదాన్ని.

మొన్న ఒక ఆదివారం ఆళ్లగడ్డలో క్లాసు అయిపోయి, పిల్లలు వెళ్లిపోయాక పుస్తకాలు సర్దుకుంటుంటే ఆ తండ్రి వచ్చాడు. ఎదురు వీధిలో శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు ఆగకుండా వినబడుతోంది. ఆయన వెంట ఇంకొకాయన ఉన్నాడు. రుద్రవరం నుంచి వచ్చాడు. ఆయన కూతురూ నర్సే. అదే వృద్ధాశ్రమానికి ఇంకో పిల్ల కావాలని అడిగారు, నేనే ఈయన కూతురి పేరు పంపాను. ఊరి సంగతి విచారించడానికి వచ్చారు.

నేను నోరు తెరిచే పని లేకుండా మొదటి పిల్ల తండ్రే మొదలుపెట్టాడు. ఒక్క ముక్క పొల్లు పోకుండా నేను చెప్పిందంతా అప్పజెప్పాడు. కొళాయి నీళ్లు, గోధుమ, జీతం లేని సర్పంచి, అన్నీ.

"దినామూ మూడు మార్లు గంట కొడతారప్పా. ఈడ మన పిల్లోళ్లను మంచాల మీద నుంచి లేపి గుడికి తోలుకపోయేదానికే పానం పోతాది. ఆడ అట్ల కాదు. నా బిడ్డ ఒక్క ఆదివారం తప్పలా. పోయొచ్చి నాకు ఫోన్ చేసి, అయ్యగారు ఏం వాక్యం చెప్పినాడో అంతా చెబుతాది."

"అంతా చెబుతాదా?" అన్నాడు రుద్రవరం ఆయన.

"అంతా. పోయిన వారం ఏం చెప్పినాడంట తెలుసునా? కొత్త ఊర్లో మనిషికి అన్నిటికంటే పెద్ద కష్టం ఆకలి కాదంట, చలి కాదంట. మన పేరు మన తల్లి పిలిచినట్ల పిలిచేటోళ్లు లేకపోవడమంట. దేవునికొక్కనికే ఆ పేరు సరిగ్గ పలుకుతాదంట. ఎంత మాట చెప్పినాడు చూడు ఆ తెల్లాయన! మా సంఘంలో లేసి చెప్పినా. మా పాస్టరు గూడా రాసుకున్న్యాడు."

పోయిన వారం ఆ ఊరి వంతు కాదు. ఆ ఊరి వంతు వచ్చిన ఆదివారాలన్నీ ఆ పిల్లకు డ్యూటీయే, తను పంపిన డ్యూటీల పట్టీ నా ఫోన్‌లో ఉంది. ఏ పాస్టరూ ఏ వాక్యమూ చెప్పలేదు. తన గదిలో ఒంటరిగా కూర్చుని, తండ్రి కోసం, నా మాట నిలబెట్టడం కోసం, వారం వారం ఆ పిల్ల ఒక ప్రసంగం అల్లుతోంది. తన దుఃఖాన్ని ఒక తెల్లాయన నోట్లో పెట్టి ఇంటికి పంపుతోంది.

రుద్రవరం ఆయన నావైపు తిరిగాడు. "అన్న చెప్పింది విన్న్యా. అయినా మీ నోటితో ఒకసారి చెప్పండమ్మా. మీ మాట మీద పంపిస్తా."

అవే మాటలు. సరేననడానికి నా నాలుక సిద్ధంగానే ఉంది, అలవాటు పడింది కాబట్టి. ఏం ధైర్యం వచ్చిందో కానీ, మొదటి పిల్ల తండ్రి ముఖం చూసే చెప్పాను.

"అన్నా, ఆ ఊర్లో ఆరాధన నెలకొకసారే. మీరు నంద్యాలకు వచ్చిన పొద్దే నేను చదివినా. చదివి, మీకు చెప్పలేదు. మీ పాప పోయిన మొదటి ఆదివారం గుడి తలుపు మూసి ఉండిందంట. అప్పటి నుంచి ఒక్క ఆరాధనకు గూడా పోయేదానికి కాలేదు. మీకు చెప్పొద్దని నన్ను అడిగింది."

రుద్రవరం ఆయన ఒకసారి నన్ను, ఒకసారి ఆయన్ను చూశాడు. "అయితే మా పిల్లను ఇప్పుడే పంపను," అని లేచి వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. మంచిదే చేశాడు.

ఈయన మాత్రం కదల్లేదు. "మరి ఆ వాక్యాలు?" అన్నాడు.

"మీ పాపే చెబుతాండాది అన్నా."

"ఇన్ని ఆదివారాలూ? నా బిడ్డేనా?"

"మీ బిడ్డే. అబద్ధం ఆ పిల్లది కాదు, నాది. తిట్టేది ఉంటే నన్ను తిట్టండి."

తిట్టలేదు. నా మాట విన్నట్టు కూడా లేదు. తిడితే బాగుండునని కోరుకున్నాను, ఎందుకంటే తిట్లు పడితే కొంతైనా తీరిపోతుంది. ఆయన తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ పొద్దు తలుపు మూసి ఉండిందంటిరే. ఎంతసేపు నిలబడింది ఆడ?"

"తెలియదన్నా."

"చలి ఉండిందా?"

"తెలియదు."

"అడగలేదా మీరు?"

"అడగలేదు."

"నేను పోలేననే గదమ్మా మిమ్మల్ని చూడమంటి," అన్నాడు. గొంతు పెంచలేదు. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

ఆ గదిలోనే కూర్చుని ఆ పిల్లకు ఫోన్ చేశాను. మీ నాయనకు అంతా చెప్పేశానన్నాను. ఆరాధన నెలకొకసారే అన్న వాక్యాన్ని మొదటి రోజే చదివానని, తెలిసే దాచానని చెప్పాను. అప్పుడు అడిగాను, ఇన్ని నెలల తర్వాత, ఆ ఆదివారం ఎంతసేపు నిలబడ్డావమ్మా అని.

"మధ్యాన్నం దాంక మేడం," అంది. "పన్నెండు గంటలకు మళ్లా గంట మోగింది. ఇప్పుడు తెరుస్తారేమో అనుకున్న్యా."